జాక్ మాత్ర మొదలుపెట్టే ముందు: పదిహేనేళ్ళ అబ్బాయి ఎగ్జిమా గురించి ఒక తల్లికి జవాబు

అమ్మా, మీరు రాసిందంతా ఓపిగ్గా చదివాను. మీది కావలి దగ్గర పల్లె. అబ్బాయికి పదిహేనేళ్ళు, బరువు 46 కిలోలు. ఆరో నెలలో బుగ్గల మీద మొదలైన ఎగ్జిమా ఇప్పుడు మోచేతి మడతలు, మోకాళ్ళ వెనక, మెడ, మణికట్లు పట్టుకుని వదలడం లేదు. రాత్రిళ్ళు గోకుడుతో నిద్ర లేదు, పదో తరగతి చదువు దెబ్బతింటోంది. నెల్లూరులో చూపిస్తే డాక్టరుగారు జాక్ మాత్ర, అంటే కణాల్లోని జాక్ అనే ఎంజైములను అడ్డుకునే మందు, మొదలుపెడదామన్నారు. మీ తమ్ముడు ఫోన్లో వెతికి క్యాన్సరు, గుండెపోటు అన్న హెచ్చరిక చూపించాడు. ఇక మీకు దిక్కు తోచలేదు. ఇదీ స్టెరాయిడేనా, ప్రాణం మీదికి వస్తుందా, జబ్బు పూర్తిగా పోతుందా, చేపలూ రొయ్యలూ మానిపించాలా అని అడిగారు.

నేను ఈ జిల్లాలోనే చాలా కాలంగా చర్మవైద్యం చేస్తున్నాను. మీవాణ్ణి కళ్ళారా చూడలేదు కాబట్టి వేయండి, వద్దు అని నేను తేల్చకూడదు. ఆ నిర్ణయం మీ డాక్టరుగారిది, మీది. కానీ నా అభిప్రాయం దాచను. అది మంచి మందు. మీ తమ్ముడు చూసిన హెచ్చరిక మీవాడి వయసులో మీరు భయపడుతున్నంతగా వర్తించదు. అయితే మాత్ర చేతికి తీసుకునే ముందు మూడు సంగతులు తేలాలి: జబ్బు నిజంగా అదేనా, పాత మందులు నిజంగా సరిపడా వాడారా, ఒంట్లో క్షయ దాక్కుని ఉందా.

ముందు జబ్బు లోపల ఏం జరుగుతుందో చెప్తాను. అది తెలిస్తే మందుల పేర్లు వాటంతట అవే అర్థమవుతాయి.

చర్మం పైపొరలో ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది విరిగినప్పుడు వచ్చే పదార్థాలు చర్మంలో తేమను పట్టి ఉంచుతాయి. ఆ ప్రోటీన్ జన్యువులో లోపం ఉన్నవాళ్ళకు ఎటోపిక్ డెర్మటైటిస్, అంటే మీవాడి రకం ఎగ్జిమా, వచ్చే అవకాశం చాలా ఎక్కువని 2006లో స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయం పరిశోధకులు, వాళ్ళ సహచరులు తేల్చారు. అందరు రోగుల్లోనూ ఆ లోపం ఉండదు గానీ, పైపొర బలహీనంగా ఉండటం మాత్రం దాదాపు అందరిలోనూ చూస్తాం. అలాంటి చర్మానికి దుమ్ము, సబ్బు, చెమట, గోళ్ళు తగిలినప్పుడు చర్మకణాలు టిఎస్‌ఎల్‌పి, ఐఎల్-33 అనే సంకేతాలను విడుదల చేస్తాయి. వాటిని అందుకుని రోగనిరోధక కణాల్లో టిహెచ్-2 అనే వర్గం రెచ్చిపోతుంది. అది ఐఎల్-4, ఐఎల్-13, ఐఎల్-31 అనే మరికొన్ని సంకేతాలను వదులుతుంది. మీవాడి బాధలో పెద్ద వాటా ఈ మూడిటిదే.

ఐఎల్-4, ఐఎల్-13 వచ్చి చేరితే చర్మకణం ఫిలాగ్రిన్ తయారీ తగ్గించేస్తుంది. జన్యువు బాగానే ఉన్నవాళ్ళలో కూడా ఇదే జరుగుతుంది. అంటే వాపు వల్ల పైపొర ఇంకా పాడవుతుంది, పైపొర పాడైన కొద్దీ వాపు పెరుగుతుంది. పైగా సూక్ష్మజీవుల్ని చంపడానికి చర్మం సొంతంగా చేసుకునే రసాయనాలూ తగ్గుతాయి. అప్పుడు స్టాఫ్ అనే బాక్టీరియా స్థిరపడుతుంది. మీవాడికి అప్పుడప్పుడూ రసి కారి, పసుపుపచ్చ చెక్కు కడుతుందన్నారే, అది దాని పనే.

ఇక దురద. ఐఎల్-31 నేరుగా దురద నరాల మీద పనిచేస్తుంది. ఐఎల్-4 కూడా ఆ నరాలను చిన్న కారణానికే స్పందించేలా చేస్తుందని, దానికి జాక్-1 అనే ఎంజైమే దారి అని 2017లో అమెరికా పరిశోధకులు చూపించారు. స్టాఫ్ వదిలే ఒక ఎంజైమ్ కూడా నరాన్ని సూటిగా రేపుతుందని 2023లో మరో పరిశోధన చెప్పింది. ఈ దారుల్లో ఎక్కడా హిస్టమిన్‌ది పెద్ద పాత్ర కాదు. సెట్రిజిన్ ఆపేది ఆ హిస్టమిన్‌నే. అందుకే ఏళ్ళ తరబడి దాన్ని మింగించినా మీవాడి గోకుడు తగ్గలేదు. అది మీ మందుల షాపు తప్పూ కాదు, మోతాదు తప్పూ కాదు. దద్దుర్లకు పనికొచ్చే మందు ఈ దురదకు పనికిరాదు, అంతే.

ఈ సంకేతాలు కణం లోపలికి ఎలా వెళ్తాయన్నదే అసలు సంగతి. ఐఎల్-4 కణం లోపలికి దూరదు. కణం పైన తనకోసం ఉన్న గ్రాహకానికి అతుక్కుంటుంది. ఆ గ్రాహకం తోకకు కణం లోపలి వైపున రెండు జాక్ ఎంజైములు అంటిపెట్టుకుని ఉంటాయి. పైన సంకేతం తగలగానే ఇవి ఒకదానికొకటి ఫాస్ఫేటు తగిలించుకుని మేల్కొంటాయి. ఆ తరవాత స్టాట్-6 అనే ప్రోటీన్‌ను మేల్కొలుపుతాయి. ఆ స్టాట్-6 జంటలుగా కట్టి కణకేంద్రంలోకి పోయి, వాపు పుట్టించే జన్యువులను తెరుస్తుంది. ఇదంతా నిమిషాల్లో అయిపోతుంది.

జాక్ ఎంజైములు నాలుగు: జాక్-1, జాక్-2, జాక్-3, టిక్-2. ఐఎల్-4, ఐఎల్-13, ఐఎల్-31 మూడూ జాక్-1 మీదుగానే పోతాయి. జాక్-2 లేకపోతే ఎముకమజ్జలో రక్తకణాల తయారీకి వచ్చే సంకేతాలు ఆగిపోతాయి. జాక్-3 లేకపోతే లింఫోసైట్లు సరిగా పెరగవు. అందుకే ఎగ్జిమా కోసం తయారుచేసినవాళ్ళు వీలైనంత వరకు జాక్-1నే పట్టుకునే మందుల కోసం ప్రయత్నించారు. అబ్రోసిటినిబ్, ఉపాడసిటినిబ్ అలా వచ్చినవే. రెంటికీ అమెరికా ఔషధ సంస్థ 2022 జనవరిలో ఎగ్జిమాకు అనుమతి ఇచ్చింది. బారిసిటినిబ్‌కు ఐరోపాలో 2020లోనే ఇచ్చారు. అది జాక్-1తో పాటు జాక్-2నూ అడ్డుకుంటుంది. టోఫాసిటినిబ్ 2012లో కీళ్ళవాతానికి వచ్చిన మందు. 2015లో ఆరుగురు ఎగ్జిమా రోగులకు ఇచ్చి చూస్తే బాగా తగ్గిందని రాశారు. తక్కువ ధరకు దొరుకుతుంది కాబట్టి మన దగ్గర చాలామంది దాన్నే రాస్తారు. కానీ ఎగ్జిమాకు దాని మీద పెద్ద పరీక్షలు లేవు. మీకు రాసింది ఈ నాలుగింటిలో ఏదో చీటీ మీద చూసుకోండి. "జాక్ మాత్ర" అని ఒకే పేరుతో పిలుస్తున్నా అన్నీ ఒకటి కావు.

డూపిలుమాబ్ అనే సూదిమందు ఇంకో దారి. రెండు వారాలకోసారి చర్మం కింద వేస్తారు. అమెరికాలో 2017లో పెద్దవాళ్ళకు, 2022 నాటికి ఆరు నెలలు దాటిన పసిబిడ్డలకు కూడా అనుమతి వచ్చింది. అది కణం లోపలికి వెళ్ళదు. ఐఎల్-4, ఐఎల్-13 రెండూ వాడుకునే గ్రాహకం మీద బయటే కూర్చుంటుంది. పెన్న డెల్టాలో పొలం ఉన్నవాళ్ళకు ఈ తేడా చెప్పడం తేలిక. డూపిలుమాబ్ రెండు పిల్లకాలువలకు మడవ కడుతుంది, మిగతా పొలాలకు నీళ్ళు మామూలుగా పారుతుంటాయి. జాక్ మాత్ర తూము దించేస్తుంది, దాని కింద ఉన్న కాలువలన్నిటికీ నీళ్ళు తగ్గుతాయి. అందుకే మాత్ర పని త్వరగా కనిపిస్తుంది, అందుకే దానితో జాగ్రత్తలూ ఎక్కువ.

ఆ త్వరను అంకెల్లో చూడండి. ఉపాడసిటినిబ్ 30 మిల్లీగ్రాములు, డూపిలుమాబ్ పెద్దవాళ్ళ మీద పోటీకి పెట్టి 2021లో ఫలితాలు ప్రచురించారు. పదహారు వారాలకు జబ్బు తీవ్రత నాలుగింట మూడొంతులైనా తగ్గినవాళ్ళు మాత్రతో 71 శాతం, సూదితో 61 శాతం. అబ్రోసిటినిబ్ 200 మిల్లీగ్రాములతో రెండు వారాలకే దురద బాగా తగ్గినవాళ్ళు 49 శాతం, సూదితో 26 శాతం. రాత్రంతా గోక్కునే పిలకాయలున్న ఇంట్లో రెండు వారాల్లో నిద్ర పట్టడం చిన్న విషయం కాదు. మీ డాక్టరుగారు మాత్ర వైపు మొగ్గడానికి అదొక కారణం అయ్యుండాలి. సూది ఖర్చు నెలనెలా భరించడం మనలో ఎక్కువమందికి కష్టం కావడం ఇంకో కారణం. స్తోమత ఉంటే మాత్రం సూది గురించి తప్పకుండా అడగండి. దానికి క్షయ పరీక్ష, నెలనెలా రక్తపరీక్షలు అక్కర్లేదు. కళ్ళు ఎర్రబడి మండటం కొందరికి వస్తుంది. కడుపులో నులిపురుగులు ఉంటే ముందు వాటికి మందు వేయాలి.

మీ మొదటి ప్రశ్నకు జవాబు: జాక్ మాత్ర స్టెరాయిడ్ కాదు. స్టెరాయిడ్ కణం లోపలికి పోయి వందల జన్యువుల పనిని ఒకేసారి మారుస్తుంది. అందుకే మాత్రగానో సూదిగానో నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బడం, ఎదుగుదల ఆగడం, ఎముకలు గుల్లబారడం, షుగరు రావడం చూస్తాం. జాక్ మాత్రకు ఇవి రావు. దాని ఇబ్బందులు వేరు.

ఇప్పుడు ఆ హెచ్చరిక. అది ఎక్కడ పుట్టిందో చూడండి. టోఫాసిటినిబ్ మీద జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2022లో ప్రచురించారు. అందులో ఉన్న 4362 మందీ కీళ్ళవాతం రోగులు. అందరికీ యాభై ఏళ్ళు దాటాయి. పొగతాగడం, బీపీ, షుగరు లాంటివి కనీసం ఒకటైనా ఉన్నవాళ్ళనే కావాలని ఎంచుకున్నారు. సుమారు నాలుగేళ్ళు గమనిస్తే గుండెపోటు, పక్షవాతం లాంటివి ఈ మందు వాడినవాళ్ళలో 3.4 శాతం, పోల్చిన వేరే మందు వాడినవాళ్ళలో 2.5 శాతం. క్యాన్సర్లు 4.2 శాతం, 2.9 శాతం. ఆ పరీక్ష తొలి ఫలితాలు చూసే 2021 సెప్టెంబరులో అమెరికా సంస్థ ఈ జాతి మాత్రల మీద గట్టి హెచ్చరిక పెట్టింది. తరవాత వచ్చిన ఎగ్జిమా మాత్రలకూ అదే వర్తింపజేశారు. మీ తమ్ముడు చూసింది అబద్ధం కాదు. కానీ పొగతాగని, బీపీ లేని, పదిహేనేళ్ళ పిల్లవాడికి ఆ అంకెలు యథాతథంగా అంటగట్టకూడదు. మీ ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే కాళ్ళలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే మాత్రం డాక్టరుగారికి చెప్పి తీరాలి.

మీవాడి విషయంలో నాకున్న చింత వేరు, క్షయ గురించి. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు. ఊపిరితిత్తుల్లో నిద్రపోతున్న క్షయ ఈ మాత్రతో లేవవచ్చు. కాబట్టి ఛాతీ ఎక్స్‌రే, చేతి మీద సూదితో చేసే మాంటూ పరీక్ష గానీ ఇగ్రా అనే రక్తపరీక్ష గానీ లేకుండా మాత్ర మొదలుపెట్టనివ్వకండి. ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరైనా క్షయ మందులు వాడి ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి, రక్తకణాల లెక్క, లివరు, కొలెస్టరాలు పరీక్షలు కూడా ముందే చేయాలి. కొన్ని పరీక్షలు నెలకోసారి, తరవాత మూడు నెలలకోసారి మళ్ళీ చేయాలి. ఆటలమ్మ రాలేదు, టీకా వేయించలేదు అంటే ముందు దాని సంగతి తేల్చుకోవాలి. అది బతికున్న వైరస్ టీకా, మాత్ర మొదలయ్యాక వేయకూడదు. ఈ మాత్రలతో మామూలుగా వచ్చేవి వికారం, తలనొప్పి, మొటిమలు, జలుబు. పదోతరగతి పిల్లవాడు మొటిమలకు బాధపడతాడు, ముందే చెప్పి ఉంచండి.

ఇక జబ్బు అదేనా, పాత మందులు సరిగా వాడారా అన్నవి. వీటి మీదే నేను ఎక్కువ పట్టుపడతాను.

హాస్టల్లో ఉండి వచ్చిన పిల్లవాడికి ఉన్నట్టుండి దురద పెరిగితే నేను ముందు వేళ్ళ సందులు, బొడ్డు చుట్టూ, మర్మాంగం దగ్గర చూస్తాను. అక్కడ పొక్కులుండి, ఇంట్లో ఇంకొకరు కూడా రాత్రిళ్ళు గోక్కుంటుంటే అది గజ్జి. ఎగ్జిమా ఉన్నవాడికి పైన గజ్జి రాకూడదని లేదు. అలాగే గజ్జల్లో గుండ్రంగా అంచులు కట్టి పాకుతుంటే తామర. మందుల షాపులో దొరికే, స్టెరాయిడ్ సహా మూడు మందులు కలిపిన ట్యూబులు రాస్తే తామర ఆకారం చెదిరిపోయి డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. చీటీ లేకుండా స్టెరాయిడ్ పూతలు అమ్మకూడదని 2018లో నిబంధన గట్టిపరిచారు. అయినా మన ఊళ్ళలో అడిగితే ఇస్తూనే ఉన్నారు. నాకు దీని మీద చాలా కోపం. గజ్జికీ తామరకూ జాక్ మాత్ర వేస్తే చర్మం బాగుపడదు సరికదా, ఉన్న జబ్బు ఇంకా పాకుతుంది.

పాత మందుల విషయానికి వస్తే, మీరు "స్టెరాయిడ్ అంటే భయమేసి సన్నగా, అప్పుడప్పుడూ రాశాం" అన్నారు. పదిహేను గ్రాముల ట్యూబు మూడు నెలలు వచ్చిందన్నారు. లెక్క వేద్దాం. పెద్దవాళ్ళ చూపుడువేలు చివరి కణుపు పొడవున ట్యూబులోంచి పిండితే వచ్చేది సుమారు అర గ్రాము. అది పెద్దవాళ్ళ రెండు అరచేతులంత చోటికి సరిపోతుంది. మీవాడి రెండు మోచేతులు, రెండు మోకాళ్ళ వెనక, మెడ, మణికట్లు కలిపితే పూటకు రెండు గ్రాములకు తక్కువ పట్టదు. రోజుకొకసారి రాస్తే ఆ ట్యూబు వారం రావాలి. మూడు నెలలు వచ్చిందంటే మందు పనిచేయలేదని కాదు, మందు చర్మానికి చేరలేదు. సరైన బలం ఉన్న స్టెరాయిడ్ పూతను వారం, రెండు వారాలు చక్కగా రాసి, చర్మం చేతికి నునుపుగా తగిలాక వారానికి రెండు రోజులకు తగ్గించి, ఎప్పుడూ తిరగబెట్టే చోట్ల అలాగే కొనసాగించడం మంచి పద్ధతి. మెడ, ముఖం, మడతల్లో టాక్రోలిమస్ పూత వాడవచ్చు. అది టి-కణాల్లో కాల్సిన్యూరిన్ అనే మరో దారిని ఆపుతుంది, చర్మాన్ని పలచబరచదు. మొదటి వారం మంట పుడుతుంది, మీరు అదే చూసి మానేసి ఉంటారు. క్రిసబొరోల్ అనే స్టెరాయిడ్ కాని ఇంకో పూతకూ అదే మంట.

తేమ పూత వారానికి 250 గ్రాములైనా పోవాలి. ఖరీదైనదే అక్కర్లేదు, వాసన లేనిది అయితే చాలు. కొబ్బరినూనె రాస్తామన్నారు, దానికి నా అభ్యంతరం లేదు. సున్నిపిండితో రుద్దడం మాత్రం వాళ్ళ అవ్వకు నచ్చజెప్పి మానిపించండి. కనిగిరి వైపు నుంచి వచ్చేవాళ్ళు బోరు నీళ్ళ ఉప్పదనం వల్లే ఇదంతా అంటారు. సున్నం పాలు ఎక్కువున్న గరుకు నీళ్ళ చోట జబ్బు ఎక్కువ కనిపించిన మాట నిజమే గానీ, నీళ్ళు మెత్తబరిచే యంత్రాలు ఇంట్లో పెట్టి ఇంగ్లండ్‌లో 336 మంది పిల్లల మీద చేసిన పరీక్షలో వాటివల్ల ప్రయోజనం కనబడలేదు. ఆ డబ్బు తేమ పూతకు పెట్టండి. కత్తెర ఎండల్లో చెమటతో పెరుగుతుందన్నారు. సాయంత్రం ఆట అయ్యాక చల్లటి నీళ్ళతో స్నానం, మూడు నిమిషాల్లో పూత. ఆట మాత్రం మానిపించకండి.

ఇదంతా రెండు నెలలు గట్టిగా చేశాక కూడా నిద్ర పట్టకపోతే, గోళ్ళు గోకి గోకి నున్నగా మెరుస్తుంటే, మడతల్లో చర్మం మందంగా నల్లబడి గీతలు దేలి ఉంటే, అప్పుడు లోపలికి మందు ఇవ్వడం న్యాయమే. ఆలస్యం చేయడమే అన్యాయం. జాక్ మాత్రకు ఇంటిల్లిపాదీ వెనకాడుతుంటే రోగనిరోధక శక్తిని అణిచే పాత మందులు సైక్లోస్పోరిన్, మెథోట్రెక్సేట్ ఉన్నాయి. 2023లో బ్రిటన్, ఐర్లండ్‌లలో 103 మంది పిల్లల మీద ఈ రెంటినీ పోల్చారు. సైక్లోస్పోరిన్ త్వరగా పనిచేసింది, మందు ఆపాక ఎక్కువకాలం నిలిచింది మెథోట్రెక్సేట్ ఫలితం. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. రోజూ మింగితే ప్రాణాపాయం, ఇది గోడ మీద రాసి పెట్టుకోవాల్సిన మాట. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర వేయించిన స్టెరాయిడ్ సూది మాత్రం ఇక వద్దు. వారంలో మాయమై, నెలలో రెట్టింపుగా తిరిగొస్తుందని మీరే రాశారు.

జబ్బు పూర్తిగా పోతుందా అంటే, మాత్రతో పోదు, అదుపులో ఉంటుంది. అబ్రోసిటినిబ్‌తో బాగా తగ్గినవాళ్ళను మూడు గుంపులు చేసి 40 వారాలు చూశారు. 200 మిల్లీగ్రాములు కొనసాగించినవాళ్ళలో 19 శాతానికి, 100కు తగ్గించినవాళ్ళలో 43 శాతానికి, ఆపేసినవాళ్ళలో 81 శాతానికి తిరగబెట్టింది. కాబట్టి పదో తరగతి పరీక్షలయ్యేదాకా వేసి మానేద్దాం అనుకుంటే, మానేసే రోజుకు పూతల పద్ధతి ఇంట్లో స్థిరపడి ఉండాలి. ఈ వయసు దాటాక చాలామందికి దానంతటదే నెమ్మదిస్తుంది, కొందరికి కొనసాగుతుంది. మీవాడు ఎటు వెళ్తాడో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. పెద్దయ్యాక రొయ్యల ప్రాసెసింగ్ లాంటి, చేతులు రోజంతా నీళ్ళలో నానే పని మాత్రం ఎంచుకోనివ్వకండి.

తిండి గురించి: చేపల పులుసు, రొయ్యలు, గుడ్డు, వంకాయ, గోంగూర అన్నీ ఆపేశామన్నారు. తిన్న గంట, రెండు గంటల్లో పెదవులు వాచడం, ఒళ్ళంతా దద్దుర్లు, వాంతులు ఎప్పుడైనా వచ్చాయా? రాకపోతే అన్నీ తిననివ్వండి. పదిహేనేళ్ళవాడు 46 కిలోలున్నాడు, వాడికి మాంసకృత్తులు కావాలి. రక్తంలో ఐజీఈ అనే అలర్జీ ప్రోటీన్ ఎక్కువ ఉందని చూపించిన రిపోర్టు ఎగ్జిమా ఉన్నవాళ్ళలో చాలామందికి అలాగే వస్తుంది. దాన్ని చూసి తిండి కోసెయ్యకూడదు.

మాత్ర మొదలుపెడితే ఒక్కటి గుర్తుంచుకోండి. జ్వరంతో పాటు ఎగ్జిమా ఉన్నచోట ఒకే సైజు నీటిపొక్కులు గుంపులుగా లేచి, పగిలి, మధ్యలో గుంట పడిన పుండ్లయితే అది హెర్పిస్ అనే వైరస్ పని కావచ్చు. నొప్పి ఎక్కువగా ఉంటుంది, కంటి దగ్గరైతే చూపుకే ముప్పు. తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రోజు మాత్ర వేయకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, ఒక కాలు మాత్రమే వాచడం కనబడినా మాత్ర ఆపి డాక్టరుగారికి ఫోన్ చేయండి.